ఫోన్ లేని ఇంటి అమ్మాయి

మా హైస్కూలు కందుకూరు పక్కన. ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, మాకే అప్పుడప్పుడు మారిపోతుంటుంది. పదో తరగతికి సోషల్ చెప్తాను. అంటరానితనం నిషేధం, 17వ అధికరణం అని బోర్డు మీద రాస్తే పిల్లలు బుద్ధిగా ఎక్కించుకుంటారు, అంతే. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిందని ఇక్కడి పెద్దవాళ్లకి బాగానే గుర్తు, అయినా క్లాసులో ఆ మాట ఎత్తాలంటే నాకూ మొహమాటమే. అందుకే ఈసారి దూరం నుంచి, అమెరికా నుంచి మొదలుపెట్టా.

మొదటి రోజు పప్పులో కాలేశాను. 1954 మే 17, బ్రౌన్ కేసు, తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరే వేరే బడులు చెల్లవని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ఏకగ్రీవ తీర్పు అంటూ చెప్పుకుపోతుంటే వెనక బెంచీ నిద్రపోయింది.

మర్నాడు క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద ఒక్క ఫోటో పెట్టి నోరు మూసుకున్నా. 1957 సెప్టెంబర్ 4, అమెరికాలోని లిటిల్ రాక్ ఊరు, అప్పటిదాకా తెల్లపిల్లలే చదివిన హైస్కూలు. పదిహేనేళ్ల ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిన్నగా ముందుకే నడుస్తోంది, వెనక ఓ తెల్లమ్మాయి నోరంతా తెరిచి అరుస్తోంది.

"ఒక్కతే ఎందుకొచ్చింది సార్?"

ఆ బడిలో చేరబోయే నల్లపిల్లలు తొమ్మిదిమంది కలిసి వెళ్లాలని ముందురోజు అనుకున్నారు, కానీ ఎలిజబెత్ వాళ్లింట్లో ఫోన్ లేదు, కబురు అందలేదు. బడి మొదటి రోజుకని తను కుట్టుకున్న గౌను వేసుకుని ఒంటరిగా వచ్చింది, గవర్నర్ పెట్టిన సైనికులు లోపలికి పోనివ్వలేదు. "కరోనాలో మా ఇంట్లో కూడా ఫోన్ లేదు సార్, క్లాసు ఎప్పుడో తెలిసేదే కాదు" అన్నాడొకడు. ఆ తర్వాత నేను పెద్దగా చెప్పింది లేదు, వాళ్లే అడిగారు. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ సైన్యాన్ని దింపితే గానీ పిల్లలు బడిలో కూర్చోలేకపోయారంటే ఊరుకున్నారు గానీ, మరుసటి ఏడాది అక్కడి హైస్కూళ్లన్నీ మూసేశారంటే మాత్రం నమ్మలేదు. కలిసి చదవడం ఇష్టంలేక బడే మూసేస్తారా అని!

ఇలాంటివి కావాలంటే అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డాక్స్‌టీచ్ వెబ్‌సైట్ చూడండి, డబ్బు కట్టక్కర్లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉద్యమకారుల ఇంటర్వ్యూలున్నాయి, కాకపోతే అంతా ఇంగ్లీషు, నేను ఆపి ఆపి తెలుగులో చెప్పుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్ కథలకన్నా ఇవే నయం. 1955లో బస్సులో తెల్లవాళ్లకి సీటు వదలనన్న నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్‌ని అలిసిపోయిన ముసలావిడ అంటారు అక్కడ, ఆవిడకప్పుడు 42 ఏళ్లే, పైగా అప్పటికే మాంట్‌గొమరీలో పౌరహక్కుల సంఘానికి కార్యదర్శి.

డాక్స్‌టీచ్‌లో నాకు బాగా నచ్చింది కోర్టు కాగితాల్లోని బస్సు బొమ్మ. పెద్ద గొప్పగా ఏమీ ఉండదు, వరసగా సీట్లు, ఆవిడ ఎక్కడ కూర్చుందో గుర్తు, అంతే. అది చూపించి, మీ ఇళ్లల్లో నాయనమ్మల్ని, తాతల్ని అడిగి రమ్మన్నా.

రెండ్రోజులకి ఒక పిల్లాడు నోట్సు కాగితం మీద బొమ్మ గీసుకొచ్చాడు. టీ బంకు, ముందు బెంచీ, చూరులో దోపిన వేరే గ్లాసులు, కాస్త ఎడంగా చింతచెట్టు. చెట్టు కింద చుక్క పెట్టి "మా తాత" అని రాశాడు. బెంచీ మీద ఎవరూ లేరేంట్రా అన్నాను. వాడు మాట్లాడలేదు. పక్కవాడు ఆ కాగితం లాక్కుని, కాసేపు చూసి, బెంచీ మీద తనే ఒక చుక్క పెట్టాడు.

"మా తాత సార్."