బత్తాయి తోటలో పెట్టుకోవడానికి ఒక చిన్న ఎయిర్ రైఫిల్

దసరా సెలవులకు వచ్చిన మా మేనల్లుడు రాత్రి భోజనం ముగించి, చెయ్యి కడుక్కుంటూ, "మామా, కుందేళ్ళకు ఏ గన్ను మంచిగుంటది? చిన్నగుండాలె, బండి మీద పట్టాలె, ఎక్కువ మెయింటెనెన్స్ ఉండొద్దు" అని అడిగాడు. అప్పటికి కొన్ని వారాలుగా అతడు ఫోనులో బ్రిటన్ వేటగాళ్ళ వీడియోలు చూస్తున్నాడని మా చెల్లెలు ముందే చెప్పింది. నేను పదేళ్ళుగా ఎయిర్ రైఫిల్ వాడుతున్నాను, ఇప్పటికి రెండు కొన్నాను, మొదటిదాన్ని నా చేతులతోనే పాడు చేసుకున్నాను. కనుక ఆ రాత్రి అతడికి చెప్పినదంతా, మా నల్లగొండ వైపు ఇదే ఆలోచనలో ఉన్న మరికొందరికి పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అతడి ప్రశ్నలో కుందేలు ఒక భాగం, తుపాకి మరొక భాగం. కుందేలు సంగతి ముందు తేల్చాలి. ఆ వీడియోలలో కనిపించే జంతువు నేలలో బొరియలు తవ్వుకొని గుంపులుగా బతికే వేరే జాతి. అక్కడ అది పంటను పాడుచేసే ప్రాణిగా లెక్క, భూమి యజమాని అనుమతితో దాన్ని కొట్టడం చట్టబద్ధం. మన చెల్కల్లో, గెట్ల మీది గడ్డిలో ఒంటరిగా ముడుచుకొని పడుకొని, మనిషి కాలు దాదాపు మీద పడేదాకా కదలకుండా ఉండే కుందేలు అది కాదు. మన కుందేలును, కముజును, పూరేడును, ఉడుమును, నెమలిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. 2022 సవరణలో షెడ్యూళ్ళ, అంటే జాబితాల, సంఖ్యను 6 నుంచి 4కు తగ్గించినా వీటికున్న రక్షణ పోలేదు. చంపడమే కాదు, చంపడానికి ప్రయత్నించడం, ఉచ్చు పెట్టడం, తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. డిండి దాటి అచ్చంపేట మీదుగా వెళ్తే వచ్చే అమ్రాబాద్ అభయారణ్యంలోకి, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అడుగుపెట్టకూడదు. ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు కదా అన్న వాదన అక్కడ నిలవదు.

చట్టం లేకపోయినా నేను వద్దనే అనేవాణ్ణి. మా చిన్నతనంలో పక్క ఊరి నుంచి వచ్చిన ఒకతను మా మోట బావి గడ్డ మీద కూర్చున్న గువ్వను ఎయిర్ గన్నుతో కొట్టాడు. అది చావలేదు. రెక్క కింద సన్నటి రంధ్రం, దాని చుట్టూ నాలుగైదు తడిసిన ఈకలు, అంతే. నా అరచేతిలో దాని గుండె కొట్టుకోవడం సాయంత్రం దాకా తెలుస్తూనే ఉంది. అర గ్రాము బరువున్న సీసపు ముక్క సరిగ్గా తలలో తగిలితే తప్ప ఏ ప్రాణినీ వెంటనే చంపదు. వేట చట్టబద్ధమైన దేశాల్లో కూడా జాగ్రత్తగల వేటగాళ్ళు ముప్ఫై మీటర్లు దాటితే గురి పెట్టకపోవడానికి కారణం ఇదే. జొన్నచేను మీద వాలే చిలుకలకు మన పెద్దలు మంచె కట్టి వడిసెల తిప్పారు, డబ్బా కొట్టారు. పంటకు ఆ కాపలా చాలు. అడవి పందులతో నష్టపోయే రైతు అటవీశాఖను ఆశ్రయించాలి గాని ఎయిర్ రైఫిల్‌ను కాదు, ఎందుకంటే అది పందికి గాయం మాత్రమే చేస్తుంది.

ఇంత విన్నాక మేనల్లుడు కొంచెంసేపు మాట్లాడలేదు. "అయితే గన్నే వద్దా మామా?" అన్నాడు. వద్దని నేను అనలేదు. పది మీటర్ల దూరంలో కట్టిన అట్టముక్క మీద వరుసగా అయిదు పెల్లెట్లను, అంటే ఆ సీసపు ముక్కలను, ఒక రూపాయి బిళ్ళంత చోటులో పడేటట్లు కొట్టడం ఎంత కష్టమో, అది కుదిరిన రోజు ఎంత తృప్తిగా ఉంటుందో అనుభవించినవారికి తెలుస్తుంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిపెట్టింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిలే. ఆ పోటీల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఆ పోటీ రైఫిళ్ళ బరువు అయిదున్నర కిలోల వరకు ఉండవచ్చు, వాటి ధర, వాటికి కావలసిన శ్రద్ధ వేరు. తోటలో సాయంత్రం ఓ అరగంట సాధన చేయడానికి మనకు కావలసినది చిన్నది, తేలికది, మరమ్మతు తక్కువది.

ముందుగా శక్తి గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్, అంటే పెల్లెట్ వెళ్ళే గొట్టం, లోపలి కొలత 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, 20 జౌళ్ళ శక్తికి లోబడి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో బయటికి వస్తే దాని శక్తి 10 జౌళ్ళు. కాగితాన్ని కొట్టడానికి అది చాలినంత కన్నా ఎక్కువే. పెట్టె మీద పెద్ద అక్షరాలతో సెకనుకు 1000 అడుగులు అని వేసినదాన్ని చూసి మోసపోవద్దు. 1000 అడుగులంటే సుమారు 305 మీటర్లు. మామూలు అర గ్రాము పెల్లెట్‌తో ఆ వేగం నిజంగా వస్తే శక్తి 23 జౌళ్ళు దాటి చట్టపు హద్దు మీరుతుంది. కాబట్టి ఆ అంకె సాధారణంగా మరింత తేలికైన పెల్లెట్‌తో సాధించినదై ఉంటుంది. పైగా మామూలు స్ప్రింగు రైఫిల్‌లో స్ప్రింగు ఒక పిస్టన్‌ను తోస్తే, అది నొక్కిన గాలే పెల్లెట్‌ను బయటికి నెడుతుంది. కనుక ఎక్కువ శక్తి అంటే గట్టి స్ప్రింగు, గట్టి స్ప్రింగు అంటే ఎక్కువ కుదుపు, ఎక్కువ కుదుపు అంటే గురి తప్పడం. నా మొదటి రైఫిల్‌ను ఆ అంకె చూసే కొన్నాను, సంవత్సరం తిరగకముందే దాని మీద బిగించిన టెలిస్కోపు లోపలి అద్దం కదిలిపోయింది. స్ప్రింగు రైఫిల్ మొదట వెనక్కు తన్ని, పిస్టన్ చివరికి చేరి ఆగగానే ముందుకు కుదుపుతుంది. మందుగుండు తుపాకీ దెబ్బను తట్టుకునే టెలిస్కోపు కూడా ఈ రెండో కుదుపుకు తట్టుకోకపోవచ్చు. చిన్న రైఫిల్‌కు టెలిస్కోపు లేకుండా దాని మీదే ఉండే ఇనుప గురిచూపులే మేలని అప్పటి నుంచి నా నమ్మకం.

ఇక యంత్రం. ముందుగానే గాలి నింపుకొనే పీసీపీ రకం కుదుపు లేకుండా చక్కగా కొడుతుంది, కాని దాని సిలిండరులోకి 200 బార్ల దాకా గాలి ఎక్కించాలంటే ప్రత్యేకమైన చేతి పంపు గాని పెద్ద సిలిండరు గాని ఉండాలి, ఒక రబ్బరు ఓ-రింగు జారినా ఎక్కడ లీకవుతోందో వెతకాలి. దేవరకొండలో ఆ పని చేసేవాళ్ళు నాకు దొరకలేదు. కార్బన్ డయాక్సైడ్ గొట్టాలతో నడిచే రకం మన ఎండలకు పనికిరాదు. 31 డిగ్రీలు దాటితే ఆ వాయువు ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా నిలవదు, మనకు వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు, అందువల్ల పొద్దున ఒక వేగం, మధ్యాహ్నం మరొక వేగం వస్తాయి. మిగిలినవి స్ప్రింగు రకం, స్ప్రింగుకు బదులు మూసిన గొట్టంలో వాయువు ఉండే గ్యాస్ ర్యామ్ రకం. గ్యాస్ ర్యామ్ శబ్దంలో ఝంకారం తక్కువ, స్ప్రింగులాగా అలసిపోదు. కాని అది కారితే గొట్టం మొత్తం మార్చాలి, ఆ కంపెనీ నుంచి తెప్పించాలి. స్ప్రింగు సాగిపోతే హైదరాబాదులో మార్చించుకోవచ్చు. నేను మధ్యస్థమైన శక్తి గల స్ప్రింగునే ఎంచుకున్నాను, మా మేనల్లుడికి కూడా అదే చెప్పాను.

చిన్నది కావాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. బ్యారెల్‌ను వంచి స్ప్రింగును నొక్కే రైఫిళ్ళలో ఆ బ్యారెలే మీట. మీట పొట్టిదైతే చేతికి భారం పెరుగుతుంది. స్ప్రింగు రైఫిల్‌లో పెల్లెట్ తన వేగాన్ని బ్యారెల్‌లోని మొదటి కొద్ది అంగుళాలలోనే అందుకుంటుంది కనుక పొట్టి బ్యారెల్ వల్ల వేగం పెద్దగా తగ్గదు, కాని పొట్టి బ్యారెల్‌కు బలమైన స్ప్రింగు జోడిస్తే ఇరవై సార్లు వంచేసరికి భుజం లాగేస్తుంది, అలసిన చెయ్యి గురిని నిలపలేదు. అందుకే పొట్టిదనం, తక్కువ శక్తి రెండూ కలిసి రావాలి. నేను ఇప్పుడు వాడుతున్నది ఒక మీటరు కన్నా కొంచెం పొడవు తక్కువ, బరువు రెండున్నర కిలోల పైచిలుకు. పన్నెండేళ్ళ మా అమ్మాయి నా సహాయంతో వంచగలదు. దుకాణంలోనే మూడు నాలుగు సార్లు వంచి చూడండి, అయితే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి, ఎందుకంటే పిస్టన్‌కు మెత్తగా అడ్డుపడే గాలి నిలవక అది నేరుగా చివరకు గుద్దుకుంటుంది. బ్యారెల్‌ను మూసి పక్కలకు ఊపితే ఏ కదలికా ఉండకూడదు. దుకాణదారుడు గుర్తింపు కార్డు, చిరునామా ఆధారం అడిగి రిజిస్టరులో రాసుకుంటాడు. అడగని చోట కొనకండి.

మరమ్మతు తక్కువ అంటే అసలు ఏమీ చేయక్కర్లేదని కాదు, చేయకూడనిది చేయకుండా ఉండడం. నా మొదటి రైఫిల్‌కు గాలి వచ్చే సన్నటి రంధ్రంలో, కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేశాను. మరుసటి దెబ్బకు బాణాసంచాలాంటి పేలుడు, బ్యారెల్ చివర నీలిపొగ, మాడిన నూనె వాసన. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె డీజిల్ ఇంజనులోలాగా అంటుకుంది. పది పన్నెండు దెబ్బల్లో, పిస్టన్ చివర గాలి కారకుండా ఆపే సీలు కాలి, పెల్లెట్ అట్టకు తగిలి కింద పడే స్థితికి వచ్చింది. పాత కాలపు తోలు సీలుకు అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కల నూనె అవసరమే, ఇప్పటి సింథటిక్ సీలుకు ఆ రంధ్రంలో ఏ ఇంజను నూనే, ఏ కొబ్బరినూనే వేయకూడదు. పని అయ్యాక చెమట అంటిన ఇనుమును నూనె తడిపిన గుడ్డతో తుడవడం, నూరు దెబ్బలకు ఒకసారి స్టాక్, అంటే పిడి, స్క్రూలు వదులయ్యాయేమో చూసి బిగించడం, మూతి దగ్గర ఎర్రమట్టి దుమ్ము చేరకుండా గుడ్డ సంచిలో పెట్టడం; నేను చేసేది అంతే. వానాకాలంలో గోనెసంచిలో గాని, ఫోము పెట్టెలో గాని దాచకండి, అవి చెమ్మను పట్టుకొని రాత్రికి రాత్రే తుప్పు తెస్తాయి. సిద్ధంగా వంచి ఉంచి గంటల తరబడి వదిలేయడం స్ప్రింగుకు చేటు, ఇంట్లో పిల్లలకు అంతకన్నా చేటు.

పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన బ్యారెల్‌ను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకొనే ఉండాలి. ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఎలుకల బోనులాగా మూసుకుంటుంది, వేలు మధ్యలో ఉంటే విరుగుతుంది. మా అమ్మాయికి మొదటి వారం ఇదొక్కటే నేర్పాను.

గురి విషయంలో నాకు చాలాకాలం అంతుపట్టనిది ఒకటుంది. బావి గోడ మీద రైఫిల్‌ను ఆనించి, గట్టిగా పట్టుకొని కొడితే, పెల్లెట్లు ఎప్పుడూ పైకి, చెల్లాచెదరుగా పడేవి. గోడ గట్టిదైన కొద్దీ రైఫిల్ ఎగిరి పడుతుంది. ఎడమ అరచేతిని గోడ మీద పరిచి, దాని మెత్తటి చోట రైఫిల్‌ను ఊరికే ఆనించి, బిగించకుండా తనంతట తాను కుదిపే వీలిచ్చిన రోజు, అవే పెల్లెట్లు ఒక చోట చేరాయి. చదునైన ముఖం గల పెల్లెట్లయితే కాగితంలో గుండ్రంగా కోసినట్లు రంధ్రం పడి లెక్క తేలిక అవుతుంది. ఒకే రకం, ఒకే డబ్బా పెల్లెట్లు వాడండి. సీసం కనుక ఆ చేత్తో ఏదీ తినకుండా సబ్బుతో కడుక్కోండి.

మా ఊళ్ళలో మరీ జాగ్రత్త అవసరమైనది రాళ్ళ గురించి. మన గుట్టలు బండరాళ్ళతో నిండి ఉంటాయి, ఆ బండ మీద తగిలిన పెల్లెట్ ఎటు తిరిగి వస్తుందో చెప్పలేం. ఖాళీ సీసాలు, ఇనుప రేకులు కూడా అంతే. గురి తప్పి పైకి పోయిన పెల్లెట్ వందల అడుగులు పోగలదు. కంటి అద్దాలు పెట్టుకోకుండా ఎవరినీ తోటలో నిలబడనివ్వను. వెనుక యూరియా సంచిలో ఇసుక నింపి, దాని ముందు అట్ట కట్టి, దాని వెనక చెట్టు గాని దారి గాని లేకుండా చూసుకుంటాను. ఆదివారం మా మేనల్లుడు పది పెల్లెట్లు కొట్టాడు, ఏడు అట్ట మీద, మూడు సంచిలో. సాయంత్రం ఆ ఇసుకను జల్లెడ పట్టి ముక్కలను ఏరి, మూత గల డబ్బాలో వేసి, అటక మీద పెట్టాం.