జావాకి పెద్ద ఐడీఈ లేకపోయినా పని నడుస్తుంది, సర్వర్ సంగతి తెలిస్తే చాలు

జావా రాయాలంటే ఇంటెలిజేనో ఎక్లిప్సో లాంటి ఐడీఈ, అంటే కోడ్ రాయడం, నడపడం, తప్పులు పట్టడం అన్నీ ఒక్కచోటే ఇచ్చే పెద్ద ప్రోగ్రామ్, ఉండి తీరాలి, మామూలు ఎడిటర్‌తో అయ్యే పని కాదు అనే మాట పర్లాకిమిడిలో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల నోట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. వీళ్లలో ఎక్కువమంది ఒడిశాలోని ఈ గజపతి జిల్లా పిల్లలే, కొందరు బోర్డర్ దాటి పాతపట్నం నుంచి వస్తారు, చేతిలో ఉండేది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, ర్యామ్ 8 జీబీ ఉంటే గొప్ప. అందులో పెద్ద ఐడీఈ, బ్రౌజర్, డేటాబేస్ మూడూ ఒకేసారి తెరిస్తే మౌస్ కూడా కదలదు. నేను రోజూ ఇక్కడ ఇంట్లోంచే జావా బ్యాకెండ్ పని చేస్తాను, ఎడిటర్‌లోనే, లాంగ్వేజ్ సర్వర్ పెట్టుకుని. అది బాగా పనిచేస్తుంది. పనిచేయనప్పుడు మాత్రం చాలామంది ఎడిటర్‌ని తిట్టుకుని వదిలేస్తున్నారు, అసలు తేడా ఎక్కడ వచ్చిందో చూడకుండానే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఎడిటర్ వేరు, లాంగ్వేజ్ సర్వర్ వేరు. మీరు కోడ్ టైప్ చేసే కిటికీ ఒక ప్రోగ్రామ్, ఆ కోడ్‌ని చదివి అర్థం చేసుకునేది వెనకాల నడిచే ఇంకో ప్రోగ్రామ్. రెండూ మాట్లాడుకునే పద్ధతి పేరు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, పొట్టిగా ఎల్ఎస్పీ. మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ కోసం పుట్టిన ఈ పద్ధతిని అందరూ వాడుకునే ప్రోటోకాల్‌గా 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించాయి. అంతకు ముందు విమ్‌లో జావా సపోర్ట్ కావాలంటే విమ్ వాళ్లే రాసుకోవాలి, ఈమాక్స్‌లో కావాలంటే వాళ్లు మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి, అలా ఎన్ని ఎడిటర్లుంటే అన్నిసార్లు అదే చాకిరీ. ఇప్పుడు జావాకి ఒక్క సర్వర్ రాస్తే ఎల్ఎస్పీ వచ్చిన ఏ ఎడిటరైనా దాన్ని వాడుకోవచ్చు.

జావాకి ఎక్కువమంది వాడేది ఎక్లిప్స్ జేడీటీ లాంగ్వేజ్ సర్వర్, అందరూ జేడీటీఎల్ఎస్ అంటారు. పేరులోనే ఉంది, ఇది ఎక్లిప్స్ ఐడీఈ లోపలి జావా ఇంజినే, పైనున్న మెనూలు, కిటికీలు తీసేసి ఉత్త ఇంజిన్‌ని సర్వర్‌గా నడుపుతున్నారు. లైబ్రరీలు దింపి ప్రాజెక్టుని బిల్డ్ చేసే పనిముట్లు మావెన్, గ్రేడిల్ అని రెండున్నాయి, మావెన్ ప్రాజెక్టులు చదవడానికి ఎమ్‌టూఈ, గ్రేడిల్‌కి బిల్డ్‌షిప్, ఇవి కూడా ఎక్లిప్స్ నుంచి వచ్చినవే. నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఎక్లిప్స్‌లో ఆ జేడీటీని మొదట్లో ముందుండి నడిపించిన ఎరిక్ గామా 2011లో మైక్రోసాఫ్ట్‌లో చేరి వీఎస్ కోడ్ టీమ్‌ని నడిపించారు. కెంట్ బెక్‌తో కలిసి జావాలో టెస్టులు రాసుకునే జేయూనిట్‌ని రాసింది కూడా ఆయనే. అంటే ఈరోజు వీఎస్ కోడ్‌లో జావా ఫైల్ తెరిస్తే, ఆయన చెయ్యి పడిన రెండు పనులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టే.

ఇది ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఒక లిస్ట్ పేరు రాసి పక్కన చుక్క పెట్టారు. ఆ క్షణంలో మీ ఫైల్ కంపైల్ అయ్యే స్థితిలో లేదు, వాక్యం సగంలో ఉంది, సెమికోలన్ లేదు. ఎడిటర్ ముందుగా ఫైల్ ఇలా మారింది అని సర్వర్‌కి ఒక జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) మెసేజ్ పంపుతుంది, వెంటనే ఫలానా లైన్, ఫలానా స్థానం దగ్గర ఏమేం రావచ్చో చెప్పు అని ఇంకోటి పంపుతుంది. లైన్లు సున్నా నుంచి లెక్క, మీకు స్క్రీన్ మీద పదో లైన్ అయితే మెసేజ్‌లో తొమ్మిది అని వెళుతుంది. సర్వర్ ఆ సగం వాక్యాన్నే పట్టుకుని అది ఏ టైపో తేల్చి, ఆ టైపులో ఉన్న మెథడ్లన్నీ వెనక్కి పంపుతుంది. మీరు ఇంకా ఇంపోర్ట్ చేయని క్లాసు పేరు ఎంచుకుంటే, పైన ఇంపోర్ట్ లైన్ ఎక్కడ చేర్చాలో ఆ మార్పు కూడా జవాబులోనే వస్తుంది. విరిగిన కోడ్‌ని కూడా అర్థం చేసుకోవడం ఎక్లిప్స్ కంపైలర్ ఏళ్ల తరబడి సాధించిన బలం, ఎడిటర్‌లో పని చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే టైప్ చేస్తున్నంతసేపూ మన కోడ్ విరిగే ఉంటుంది.

సర్వర్ అనే మాటతో ఒక అపోహ కూడా వస్తోంది. కాశీనగర్ వైపు కుర్రాడు ఒకడు అడిగాడు, "అన్నా, సర్వర్ అంటున్నావు, మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు కదా, అప్పుడు ఆగిపోతుందా?" అని. లేదు తమ్ముడూ, ఆ సర్వర్ నీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, నీ కోడ్ ఎక్కడికీ పోదు. నెట్ కావలసింది ప్రాజెక్ట్ మొదటిసారి తెరిచినప్పుడు, మావెన్ లైబ్రరీలు దింపుకోవడానికి. సిగ్నల్ ఉన్నచోట కూర్చుని ఒకసారి ప్రాజెక్టంతా బిల్డ్ చేసుకో, లైబ్రరీలన్నీ హోమ్ ఫోల్డర్‌లో దాక్కుంటాయి. తర్వాత సెట్టింగ్స్‌లో మావెన్‌కీ గ్రేడిల్‌కీ ఆఫ్‌లైన్ అనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకుంటే ఇంటికెళ్లాక నెట్ లేకపోయినా కంప్లీషన్, ఎర్రర్లు, రీనేమ్ అన్నీ వస్తాయి. మన కొండల వైపు పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

ఇక మెమరీ. ఇక్కడ నిజం చెప్పాలి. ఎడిటర్ తేలికే గానీ జేడీటీఎల్ఎస్ తేలిక కాదు, అది స్వయంగా ఒక జావా ప్రోగ్రామ్, దానికి దాని జేవీఎం, అంటే జావా ప్రోగ్రాముల్ని నడిపే యంత్రం, ఉంటుంది. హీప్, అంటే ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీ, గరిష్ఠం ఎంతో మీరే చెప్పొచ్చు, చిన్న స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టుకి 1 జీబీ ఇస్తే నడుస్తుంది, అయితే ఆ అంకె హీప్‌కి మాత్రమే, మొత్తం ప్రాసెస్ అంతకంటే ఎక్కువే తింటుంది. గ్రేడిల్ ప్రాజెక్ట్ అయితే వెనకాల నడుస్తూ ఉండే గ్రేడిల్ డీమన్ ఇంకో జేవీఎం. 4 జీబీ లాప్‌టాప్ ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు, వీఎస్ కోడ్‌లో సర్వర్‌ని లైట్‌వెయిట్ మోడ్‌లో నడపొచ్చు. అందులో లైబ్రరీలు చదవదు, టైపుల తప్పులన్నీ చెప్పదు, సింటాక్స్ తప్పులు చెబుతుంది, మీ సోర్స్‌లోనూ జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)లోనూ ఉన్న క్లాసుల వరకు దారి చూపిస్తుంది. డేటా స్ట్రక్చర్స్ ప్రాక్టీస్ చేసేవాళ్లకి అది సరిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది జేడీకే దగ్గర. సర్వర్ నడవడానికి కావలసిన జావా ఒకటి, మీ ప్రాజెక్ట్ కంపైల్ అవ్వాల్సిన జావా ఇంకొకటి, ఈ రెండూ ఒకటే కానక్కర్లేదు. ఇప్పటి జేడీటీఎల్ఎస్ నడవాలంటే జావా 21 ఉండాలి. మీ ఆఫీసు ప్రాజెక్టేమో జావా 8లో ఉంది. దాంతో 21 పెడితే ప్రాజెక్ట్ పాడవుతుందేమో అని భయపడి కొందరు సర్వర్‌నే పాత వెర్షన్‌కి దింపుతున్నారు, ఆ అవసరం లేదు. రెండు జేడీకేలూ పెట్టుకోండి, సర్వర్‌కి 21 ఇవ్వండి, సెట్టింగ్స్‌లో రన్‌టైమ్స్ అనే చోట జావా 8 జేడీకే ఎక్కడుందో దారి రాయండి. వీఎస్ కోడ్‌లో రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే సర్వర్ కోసం జావా మామూలుగా దానితోనే వస్తుంది. నియోవిమ్, హీలిక్స్, ఈమాక్స్ వాళ్లు మాత్రం స్వయంగా చూసుకోవాలి. ఆ రన్‌టైమ్ రాయకపోతే ఏమవుతుందంటే, సర్వర్ తన దగ్గరున్న కొత్త జావానే చూపిస్తూ పోవచ్చు. స్ట్రీమ్ మీద నేరుగా టూలిస్ట్ మెథడ్ కనిపిస్తుంది, మీరు హాయిగా వాడేస్తారు, అది వచ్చింది జావా 16లో. జావా 8 మీద బిల్డ్ చేస్తే అక్కడ పగులుతుంది.

రెండో గొడవ ఫోల్డర్‌ది. ఇది నాన్-ప్రాజెక్ట్ ఫైల్, సింటాక్స్ తప్పులు మాత్రమే చూపిస్తాను అని సర్వర్ చెప్పిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒక్కటే, మీరు మావెన్ వివరాలుండే పామ్ ఫైల్ (pom.xml) ఉన్న ఫోల్డర్ కాకుండా లోపలి ఫోల్డరో, ఒక్క జావా ఫైలో తెరిచారు. ప్యాకేజీ పేరు సరిపోవట్లేదు అని ప్రతి ఫైల్ మీదా ఎర్రగీత వస్తే అప్పుడూ ముందు అనుమానించాల్సింది దీన్నే. ప్రాజెక్ట్ మొదలయ్యే ఫోల్డర్ తెరవండి, చాలామటుకు అక్కడితో పోతుంది.

దాని తర్వాతది డేటా ఫోల్డర్. సర్వర్ ప్రతి ప్రాజెక్టుకీ తను తెలుసుకున్నదంతా ఒక ఫోల్డర్‌లో రాసుకుంటుంది. వీఎస్ కోడ్ ఇది తనే చూసుకుంటుంది. సొంతంగా సెటప్ చేసుకునేవాళ్లు మాత్రం ప్రాజెక్టుకి ఒకటి చొప్పున వేరువేరుగా ఇవ్వాలి, అన్నిటికీ ఒకటే ఇస్తే ఒక ప్రాజెక్ట్ క్లాసులు ఇంకో దాంట్లో కలిసిపోయి గందరగోళం అవుతుంది. బ్రాంచ్ మార్చాక లేని తప్పులు చూపిస్తున్నా, పామ్‌లో లైబ్రరీ చేర్చినా కనపడకపోయినా, ఈ ఫోల్డర్ తుడిచేసి సర్వర్‌ని మళ్లీ లేపండి. వీఎస్ కోడ్‌లో అయితే కమాండ్ ప్యాలెట్‌లో క్లీన్ వర్క్‌స్పేస్ అని ఉంటుంది. మీ సోర్స్ కోడ్‌కి ఏమీ కాదు, టెన్షన్ వద్దు, మళ్లీ ఇండెక్స్ అయ్యేదాకా కాసేపు ఆగాలి అంతే. అయినా తేలకపోతే ఆ ఫోల్డర్ లోపల మెటాడేటాలో లాగ్ ఫైల్ ఉంటుంది, అది తెరిచి చదవండి. ఎడిటర్ ఉత్తినే పనిచేయలేదు అంటుంది, కారణం లాగ్‌లో ఉంటుంది.

గెటర్లు, సెటర్ల లాంటి కోడ్‌ని తనే తయారుచేసే లాంబాక్ లైబ్రరీ వాడే ప్రాజెక్టుల్లో గెటర్లు, సెటర్లు లేవు అని వందల ఎర్రర్లు వస్తే, సర్వర్‌ని లేపేటప్పుడు లాంబాక్ జార్‌ని జావా ఏజెంట్‌గా ఇవ్వలేదన్నమాట. వీఎస్ కోడ్‌లో ఇది ముందే ఉంటుంది.

తెలుగు రాసేవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి చెప్పి తీరాలి, గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊళ్లో ఉంటూ చెప్పకపోతే ఎలా. మా దగ్గర చేసే చిన్న చిన్న బిల్లింగ్ ప్రోగ్రాముల్లో కస్టమర్‌కి చూపించే మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి, కామెంట్లు కూడా తెలుగులోనే రాస్తాం. ఎల్ఎస్పీలో ఒక లైన్‌లో స్థానం లెక్కపెట్టేది బైట్లలో కాదు, యూటీఎఫ్-16 అనే అక్షరాల ఎన్‌కోడింగ్ యూనిట్లలో. "తెలుగు" అనే మాట తీసుకోండి, అక్షరాలూ గుణింతపు గుర్తులూ కలిపి 6 యూనిట్లు, జావాలో దాని లెంగ్త్ అడిగినా 6 అనే చెబుతుంది. అదే మాట యూటీఎఫ్-8 ఫైల్‌లో 18 బైట్లు. ఎడిటర్ వైపు ప్లగిన్ పొరపాటున బైట్లు లెక్కపెట్టి పంపిందనుకోండి, ఆ మాట తర్వాత అదే లైన్‌లో ఉన్నదంతా 12 స్థానాలు పక్కకి జరుగుతుంది, ఎర్రగీత వేరే చోట పడుతుంది, రీనేమ్ చేస్తే పక్క పదం చిరుగుతుంది. ఇంగ్లీషు ఒక్కటే రాసేవాళ్లకి ఈ బగ్ ఎప్పటికీ కనపడదు, మనకి మొదటిరోజే కనపడుతుంది. 2022లో వచ్చిన ఎల్ఎస్పీ 3.17 నుంచి ఏ లెక్క వాడాలో రెండు వైపులా ముందే మాట్లాడుకునే వీలుంది. ఇలాంటి తేడా కనపడితే ఆ ప్లగిన్ వాళ్లకి ఒక తెలుగు లైన్ జతచేసి రిపోర్ట్ చేయండి, సరిచేయాలంటే వాళ్లకి అలాంటి ఉదాహరణే కావాలి.

ఏ ఎడిటర్ అని అడిగితే, కొత్తవాళ్లకి వీఎస్ కోడే చెబుతాను. డీబగ్గర్, టెస్ట్ రన్నర్ కూడా జేడీటీఎల్ఎస్ లోపలికే చేర్చిన ప్లగిన్లుగా వస్తాయి, తంటా తక్కువ. నియోవిమ్‌లో ఎల్ఎస్పీ క్లయింట్ 2021లో 0.5 వెర్షన్ నుంచి లోపలే ఉంది, అయినా జావాకి ఎన్‌విమ్-జేడీటీఎల్ఎస్ ప్లగిన్ వేసుకోండి. లైబ్రరీ క్లాసు లోపలికి వెళ్లి చూడాలంటే జేడీటీఎల్ఎస్ ఇచ్చేది మామూలు ఫైల్ దారి కాదు, దాని సొంత రకం చిరునామా, ప్రామాణిక ఎల్ఎస్పీలో అది లేదు, ఆ ప్లగిన్‌కి తెలుసు. ఈమాక్స్ 29లో ఎగ్లాట్ అనే ఎల్ఎస్పీ క్లయింట్ లోపలే వచ్చేసింది.

చివరగా, సర్వర్ తప్పులేదు అన్నంత మాత్రాన కోడ్ పుష్ చేయకండి. జేడీటీఎల్ఎస్ వాడేది ఎక్లిప్స్ కంపైలర్, మీ మావెన్ బిల్డ్ వాడేది మామూలుగా జావాసీ, అంటే జేడీకేతో వచ్చే కంపైలర్. జెనెరిక్స్ బాగా మెలికపడిన చోట ఒకటి ఒప్పుకున్నది ఇంకోటి ఒప్పుకోకపోవడం ఉంటుంది. జావాసీ మాటే ఎడిటర్‌లో కూడా కావాలనుకుంటే 2023లో ఒరాకిల్ తెచ్చిన వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, నెట్‌బీన్స్ మీద కట్టింది, అది జావాసీనే వాడుతుంది. రెడ్ హ్యాట్‌దీ ఇదీ రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంచకండి, ప్రతి సజెషనూ రెండుసార్లు వస్తుంది, మెమరీ కూడా రెండింతలు పోతుంది. నేను మాత్రం జేడీటీఎల్ఎస్‌తోనే రాసి, పుష్ చేసే ముందు టెర్మినల్‌లో మావెన్ టెస్ట్ ఒకసారి నడుపుతాను.