గీకకుండా వదిలేసిన మైనం

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం దాదాపు 15 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందువల్ల ఇక్కడి గాలికి ఇనుము నిలవదు. రెండేళ్ల క్రితం ఉత్తరాఖండ్‌లోని ఔలీకి, కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు మీద జారడంలో 14 రోజుల శిక్షణకు వెళ్లినప్పుడు తోటి అభ్యాసకుడొకరి దగ్గర కొన్న పాత స్కీల ఉక్కు అంచులు ఒక్క వర్షాకాలానికే ఎర్రబడ్డాయి.

మొన్న డిసెంబరులో వాటిని నేనే బాగుచేసుకున్నాను. బూటు ఊడితే స్కీని ఆపే బ్రేకులను అడ్డు రాకుండా రబ్బరు బ్యాండ్లతో కట్టి, స్కీలను రెండు పీటల మీద బోర్లించి, తుప్పును రాయితో తీశాను. పక్క అంచుకు, ఆకురాయి కోణం తప్పకుండా పట్టి ఉంచే 88 డిగ్రీల గైడు పెట్టి, ఆకురాయిని ముందుకొన నుంచి వెనక్కి ఒకే దిశలో లాగితే, గోరు ఆనిస్తే పొడి రాలేంత పదును వచ్చింది. ఆ పనిలో నాకు వంక పెట్టగలవారు ఔలీలో కూడా కనిపించలేదు. జారుడు కోసం స్కీ అడుగున పట్టించే మైనం కరిగించడానికి మాత్రం ఇంట్లోని ఇస్త్రీ పెట్టెను నూలుబట్టల వేడిలో పెట్టి, గదినిండా పొగ నింపాను. మైనానికి 120 నుంచి 140 డిగ్రీలు చాలు. నూలుబట్టల వేడి 200 దాకా పోతుంది. వేడి తగ్గించి, పెట్టెను ఎక్కడా నిలపకుండా నడిపాక పని కుదిరింది.

స్కీలు అమ్మిన పెద్దమనిషికి ఫోను చేస్తే, మైనం మందంగా పట్టించి అలాగే వదిలేయమన్నాడు. వదిలేశాను. పోయిన నెల ఔలీలో వాలు మీద నిలబడి, చేతికర్రలతో ఎంత నెట్టుకున్నా, దమ్ము చేసిన మడిలో దిగబడ్డ ఎద్దులా అక్కడే ఉన్నాను. పదేళ్ల పిల్లలు నా పక్కనుంచి జారిపోతూ వెనుదిరిగి చూశారు. శిక్షకుడు వచ్చి నా స్కీ విప్పించి, అడుగున వేలిగోటితో గీరి, ఊడివచ్చిన పెచ్చును బృందమంతటికీ చూపించి, దీన్ని గీకకుండా తెచ్చిన మనిషిని ఇన్నేళ్లలో చూడలేదని హిందీలో అన్నాడు. స్కీ అడుగుభాగం పాలిథీన్ జాతి ప్లాస్టిక్. వేడికి దానిలోకి ఇంకిన మైనమే జారుడునిస్తుంది. పైన మిగిలిన మెత్తటి పొరలో మంచు రేణువులు గుచ్చుకుని, స్కీని పట్టి ఆపేస్తాయి. అందరూ చూస్తుండగా, అరువు తెచ్చుకున్న ప్లాస్టిక్ స్క్రేపర్‌తో అరగంటసేపు కొన నుంచి కొనకు గీకి, నైలాన్ బ్రష్‌తో రుద్దాను. ఆ తరువాత అదే వాలు మీద నా స్కీలను ఆపడమే కష్టమైంది.

అమ్మినాయన చెప్పింది వేసవిలో దాచిపెట్టే పద్ధతి అని అప్పుడు తెలిసింది. ఆ ఒక్క ముక్క చేర్చడానికి ఆయనకు నోరు రాలేదు. నేనూ అడగలేదనుకోండి, కానీ డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు ఆయన వివరం ఏదీ వదలలేదు.

నిన్న రాత్రి ఆ పద్ధతినే సరైన కాలంలో పాటించాను. అంచులను పొడిగా తుడిచి, ఉక్కు కూడా కప్పబడేలా మైనం మందంగా పోసి, గీకకుండా స్కీలను అటక ఎక్కించాను. ఇస్త్రీ పెట్టె మాత్రం నా తెల్లచొక్కాకు మైనపు మరక అంటించింది. మా ఆవిడ ఈ ఉదయమే కొత్తది కొనుక్కొచ్చి, పాతదాని పిడికి ఎర్రదారం కట్టి, దాన్ని కూడా స్కీల పక్కనే పెట్టమంది.