కాగితం అతని చేతికి అందిందా?

కాలిఫోర్నియాలో గృహహింసకు రెస్ట్రైనింగ్ ఆర్డర్ (హింసించే మనిషి మీ జోలికి రాకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అడగాలంటే లాయర్ ఉండి తీరాలని లేదు, ఫీజు లేదు. మీ వీసా సంగతి ఫారంలో అడగరు. భర్త మీదే కాదు, మాజీ భర్త మీద, అత్తామామల మీద కూడా వేయవచ్చు. ఒంటిమీద దెబ్బలు ఉండాలనీ లేదు. పుట్టింటివాళ్ళతో మాట్లాడనివ్వకపోవడం, డబ్బంతా తన గుప్పిట్లో పెట్టుకోవడం, వీసా పేరు చెప్పి బెదిరించి లొంగదీసుకోవడం కూడా హింసేనని 2021 నుంచి అక్కడి చట్టంలో స్పష్టంగా ఉంది.

అసలు ఫారం డీవీ-100. ఇంగ్లీషులోనే నింపాలి. చాలామంది ‘రోజూ కొడతాడు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. జడ్జికి అది చాలదు. ‘మార్చి 3 రాత్రి పదింటికి వంటగదిలో నా ఎడమ చెయ్యి మెలిపెట్టి గోడకేసి నెట్టాడు, పాప చూసింది, మణికట్టు వాచింది, ఫోటో జతచేశాను’ అన్నంత వివరంగా రాయండి. పిల్లలుండి వాళ్ళ కస్టడీ గురించి కూడా ఆర్డర్ కోరితే డీవీ-105 కూడా కావాలి. వాళ్ళని ఇండియా తీసుకెళ్ళిపోతాడని భయముంటే డీవీ-108 జతచేయడం మరవద్దు.

జడ్జి అదే రోజో, మర్నాటి పనిదినమో తాత్కాలిక ఆర్డర్ సంగతి తేలుస్తారు. విచారణ సాధారణంగా 21 రోజుల్లోపు ఉంటుంది. కేసులు ఎక్కువగా చిక్కుకునేది ఈ మధ్యలోనే. మీరు ఎవరి మీద వేశారో అతని చేతికే కోర్టు కాగితాలు అందాలి, పోస్టులో పంపితే కుదరదు. మీరు ఇవ్వకూడదు. 18 ఏళ్ళు నిండిన, ఆర్డర్‌లో రక్షణ కోరని మనిషి ఇవ్వాలి. షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) అయితే ఉచితంగా ఇస్తారు, నా సలహా అదే. మామూలుగా విచారణకు 5 రోజుల ముందే అందాలి, ఇచ్చినవాళ్ళు డీవీ-200 నింపి సంతకం పెట్టాలి. అందలేదా? విచారణ మానేయకండి, డీవీ-115తో వాయిదా అడగండి. మీరు వెళ్ళకపోతే తాత్కాలిక ఆర్డర్ అక్కడితో ఆగిపోతుంది.

ప్రమాదం ఈ రాత్రే అయితే ఫారాలు పక్కనపెట్టి 911కి ఫోన్ చేయండి. పోలీసులే జడ్జిని అడిగి అత్యవసర ఆర్డర్ ఇప్పించగలరు. అది గరిష్ఠంగా వారం ఉంటుంది, ఆలోపే డీవీ-100 వేయాలి.

విచారణ తర్వాతి ఆర్డర్ 5 ఏళ్ళ దాకా ఉండవచ్చు. ఈలోగా జాలిపడి మీరే రమ్మన్నా అది రద్దు కాదు, వస్తే అతన్ని అరెస్టు చేయవచ్చు. మార్చాలన్నా తీసేయాలన్నా జడ్జే చేయాలి. గడువు ముగిసే ముందు 3 నెలల్లో డీవీ-700 వేసి పొడిగింపు కోరవచ్చు. అందుకు మళ్ళీ కొత్తగా దెబ్బలు తిని ఉండనక్కర్లేదు.