చిన్నమ్మ సంతకం చెల్లదన్నారు

మా అక్క పోయినాక బావ పనికని వెళ్లి మళ్లీ రాలేదు. తొమ్మిదేళ్ల పాప తిరుపతి రైల్వే స్టేషన్లో ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారంట. 24 గంటల్లోపే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచి, బాలసదనంలో ఉంచారు. శ్రీకాళహస్తిలో ఉండే నాకు నాలుగో రోజు తెలిసింది. పరుగెత్తాను.

చిన్నమ్మనంటే చేతికిచ్చేస్తారనుకున్నా. కానీ ఆ కమిటీ కోర్టు కాకపోయినా, 2015 బాలల న్యాయ చట్టం కింద దానికి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. ఆధార్, రేషన్ కార్డు, అక్క మరణ ధ్రువపత్రం ఇచ్చాను. అయినా మేమిద్దరం అక్కాచెల్లెళ్లమని ఎలా నమ్మాలన్నారు. మా అమ్మ ట్రంకుపెట్టెలో మా ఇద్దరి బడి టీసీలు దొరికాయి. రెండింట్లోనూ తండ్రి పేరు ఒకటే. అవే మమ్మల్ని కాపాడాయి. సోషల్ వర్కరు ఇంటికొచ్చి పాప ఎక్కడ పడుకుంటుందో చూపించమంది, పక్కింటావిడతోనూ మాట్లాడింది. పాపను నేను లేకుండా విడిగా అడిగారు. అది నాకు మంచిగా అనిపించింది. బిడ్డ ఇష్టం బిడ్డ నోటే వినాలి కదా. విచారణకు చట్టం నాలుగు నెలలు గడువిచ్చింది, పాపను నాకప్పగిస్తూ మూడో నెలలోనే ఆర్డరు వచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పాపకు మాటిమాటికీ గొంతు వాచి జ్వరం. టాన్సిల్స్ తీసెయ్యాలన్నారు డాక్టరు. మత్తుమందు ఫారం మీద సంతకం పెట్టబోతే, తల్లో తండ్రో పెట్టాలమ్మా అని ఆపేశారు. ఆర్డరు చూపించా. అందులో అప్పగింత ఉంది, వైద్యం మాటే లేదు. కనిపించని తండ్రిని ఎక్కడని తెచ్చేది?

డాక్టరు రాసిచ్చిన కాగితంతో మళ్లీ కమిటీ దగ్గరికే పోయాను. కమిటీ మేడమ్ పాపను దగ్గరికి పిలిచి, "ఆపరేషన్ అంటే భయమా తల్లీ?" అన్నారు. "చిన్నమ్మ పక్కనుంటే చేయించుకుంటా" అంది. చికిత్సకు నేను సంతకం పెట్టొచ్చని ఆర్డరు రాసిచ్చారు. మీకూ ఇలాంటి అవసరం వస్తే, అప్పగింత ఆర్డరులోనే వైద్యం, బడి రెండూ రాయించమని ముందే అడగండి.

ఆపరేషన్ రోజు ఫారంలో 'సంబంధం' దగ్గర నర్సమ్మ 'సంరక్షకురాలు' అని రాసింది. మంచం మీంచి పాప తలెత్తి చూసి, "చిన్నమ్మ అని కూడా రాయక్కా" అంది. ఆమె రాసింది.