కూతకెళ్ళిన అలవాటు

కాలేజీలో కబడ్డీ ఆడేవాణ్ణి. 30 సెకన్ల కూతలో అవతల ఏడుగురుంటే ఇవతల నేనొక్కణ్ణే. ఒకణ్ణి తాకి లైన్ దాటి వస్తే మాత్రం ఔటై బయట కూర్చున్న మనవాడొకడు మళ్ళీ కోర్టులోకొస్తాడు.

మొన్న షాపులో ఒక కుర్రాడు లెక్క తప్పి రెండు లోడ్లు ఎక్కువ పంపేశాడు. వాణ్ణి పనిలోంచి తీసేద్దామనుకున్నా. కోపం తగ్గాక ఆ బయట కూర్చునే లైనే గుర్తొచ్చింది. నేనూ అక్కడ చాలాసార్లు కూర్చున్నవాణ్ణే. వాణ్ణి పిలిచి మళ్ళీ బిల్ బుక్ చేతికిచ్చా, కాస్త టెన్షన్‌తోనే!

2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన గోపీచంద్ హైదరాబాద్‌లో అకాడమీ పెట్టి తర్వాతి తరాన్ని తయారుచేశారు. మనది ఆ స్థాయి కాదులెండి. మా కాలనీ డ్రైనేజీ కోసం పది మందిని కూడగట్టడానికే నాకు మూడు ఆదివారాలు పట్టింది. రేపు మున్సిపల్ ఆఫీసుకెళ్తున్నాం. అది రెండో అంతస్తులో ఉందట, నా పాత మోకాలికేమో మెట్లంటే పడదు.