నొప్పి లేదని ఆపేసే చుక్కలు

మందుల షాపులో కూర్చుంటే ఎవరు మందు క్రమం తప్పకుండా వాడుతున్నారో, ఎవరు మధ్యలో మానేశారో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. విశాఖపట్నం గోపాలపట్నంలో మేం షాపు పెట్టి చాలా ఏళ్లయింది. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు అయితే డబ్బీ ఖాళీ అయ్యేలోపే జనం వచ్చేస్తారు. గ్లాకోమాకు, అంటే నీటికాసులనే కంటి జబ్బుకు, చుక్కలు వాడేవాళ్లు మాత్రం మూడో నెలకో నాలుగో నెలకో రావడం మానేస్తారు. చీటీ రాసిన డాక్టరుకు ఆ సంగతి తెలియదు. కౌంటర్ వెనకున్న నాకు తెలుస్తుంది. అందుకే ఇది రాయాలనిపించింది.

స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. బీపీ మాత్రలకు వస్తున్నారు గానీ చుక్కలు అడగడం లేదు. ఏమైందని అడిగితే, "శుక్లాల ఆపరేషన్ అయిన మర్నాడే లోకం తెల్లగా కనిపించిందమ్మా. ఈ చుక్కలేస్తే ఏటీ తేడా నేదు. మంటొకటి" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. శుక్లం తీసేస్తే పోయిన చూపు తిరిగి వస్తుంది. గ్లాకోమాలో పోయింది పోయినట్టే. చుక్కలు కాపాడేది మిగిలిన చూపును. అది కళ్లకు కనిపించే లాభం కాదు కాబట్టి డబ్బు దండగ అనిపిస్తుంది. బాబాయ్‌ని కూర్చోబెట్టి చాలాసేపు చెప్పాను. పక్కనే ఉన్న పిన్ని అంతా విని, ఆ రోజు నుంచి చుక్కల బాధ్యత తనే తీసుకుంది.

కంటి లోపల ఒక పలచటి ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. కన్నీళ్లు వేరు, ఇది వేరు. నల్లగుడ్డు అంచున, లోపలి కోణంలో ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా అది బయటికి పోవాలి. వానాకాలంలో గెడ్డకు చెత్త అడ్డుపడితే నీళ్లు వెనక్కి తన్నినట్టు, ఆ దారి మూసుకుపోతే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా అది, బీపీ లాగే పాదరసం లెక్కలో, 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కువైతే కంటి వెనకున్న నరం మెల్లగా దెబ్బతింటుంది. మొదట పోయేది పక్క చూపు. ఎదురుగా ఉన్న అక్షరాలు చివరిదాకా బాగానే కనిపిస్తాయి. ఒక కంటికి కనిపించనిది రెండో కన్ను చూస్తుంది, మిగిలిన ఖాళీని మెదడు పూరిస్తుంది. అందుకే నరం చాలావరకు పోయేదాకా మనిషికి ఏ అనుమానమూ రాదు. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 1996 నుంచి 2000 దాకా చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉందని తేలిన నగరవాసుల్లో ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఓపెన్ యాంగిల్ అంటే కోణం తెరిచే ఉంటుంది, ద్రవం పోవడమే మందగిస్తుంది. కొందరికి ప్రెషర్ 21 లోపే ఉన్నా నరం దెబ్బతింటుంది. కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర, పలచగా ఉన్నవాళ్లకు ప్రెషర్ అసలున్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కూడా. కాబట్టి క్యాంపులో ప్రెషర్ నార్మల్ అన్నారని ధీమాగా ఉండకూడదు. నరాన్ని చూడాలి.

కోణం ఉన్నట్టుండి మూసుకుపోయే రకం వేరు. దీన్ని నేను దగ్గర నుంచి చూశాను. ఒక సాయంత్రం మా వీధిలో ఉండే వదిన తరఫున వాళ్లబ్బాయి వచ్చి తలనొప్పికి, వాంతులకు మాత్రలు ఇమ్మన్నాడు. గ్యాస్ పట్టేసిందనుకుంటున్నారు. ఒక్కసారి అమ్మను చూపించరా అని వెంట వెళ్లాను. కుడికన్ను ఎర్రగా ఉంది, చుట్టూ ఎముకంతా పోటు. "వదినా, లైటు చుట్టూ రంగులు కనిపిస్తున్నాయా?" అని అడిగితే అవునంది. మాత్రలేవీ ఇవ్వకుండా ఆటో ఎక్కించి కంటి ఆసుపత్రికి పంపాను. అక్కడ మందులతో ముందు ప్రెషర్ దించి, తర్వాత లేజర్‌తో కనుపాప చుట్టూ ఉండే పొరలో సన్నటి రంధ్రం చేశారు. రెండో కంట్లోనూ కోణం ఇరుకుగా ఉందని దానికీ చేశారు. ఇలాంటప్పుడు గంటలు కూడా ముఖ్యమే. చూపు ఒక్కరోజులో పోయే ప్రమాదం ఉంది. కోణం ఇరుకని తెలిసినవాళ్లు జలుబు మాత్ర కొనేటప్పుడు కూడా ఆ మాట షాపులో చెప్పాలి. కొన్ని జలుబు మందులు కనుపాపను పెద్దది చేసి ఇలాంటి పోటు తెప్పించగలవు.

పసిపిల్లలకూ వస్తుంది. బిడ్డ కళ్లు పెద్దగా ఉంటే చుట్టాలందరూ ఎంత ముద్దుగా ఉన్నాయో అంటారు. ఆ కళ్లు నీరు కారుతూ, బిడ్డ వెలుతురు చూడలేక మొహం తిప్పేసుకుంటుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వీళ్లకు చాలావరకు ఆపరేషనే మార్గం. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ.

ఇక నాకు బాగా కోపం తెప్పించే విషయం. కన్ను దురదపెడితే కుర్రాళ్లు ఖాళీ సీసా పట్టుకొచ్చి "అక్కా, ఇవే ఇవ్వు, వెంటనే తగ్గిపోద్ది" అంటారు. చూస్తే స్టెరాయిడ్ చుక్కలు. ఎక్కడో చీటీ లేకుండా ఇచ్చారు. డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి, పాతికేళ్ల వయసులోనే నరం దెబ్బతినొచ్చు. చీటీ లేకపోతే నేను ఇవ్వను. వేరే షాపుకు పోతామంటారు. పోయినా సరే, ఎందుకు ఇవ్వనో చెప్పే పంపిస్తాను.

మా అమ్మకూ గ్లాకోమా ఉంది. చత్వారం అద్దాలు మార్పించడానికి వెళ్తే బయటపడింది. ఫీల్డ్ టెస్టులో తల మిషన్లో పెట్టి, ఎదురుగా ఒక్క చోటే చూస్తూ, పక్కల్లో చిన్న వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అమ్మకు అది పెద్ద పరీక్ష. "తప్పు నొక్కానేమోనే" అని ఇంటికొచ్చేదాకా టెన్షన్. కొన్ని వెలుగులు ఎంత మసకగా వస్తాయంటే మంచి చూపున్నవాళ్లకూ అన్నీ కనిపించవు. ఈ మాట ముందే చెబితే చాలామంది కంగారు పడరు.

చుక్కలు వేసే పద్ధతి అమ్మ దగ్గరే సరిగ్గా నేర్చుకున్నాను. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా అవుతుంది. అందులో ఒక్క చుక్క చాలు. రెండో చుక్క చెంప మీదికి కారిపోవడమే. సీసా మూతి రెప్పకు తగలకూడదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. లేకపోతే మందు గొంతులోకి దిగి నోరు చేదవుతుంది, ఒంట్లోనూ కలుస్తుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం అయిదు నిమిషాలు ఆగాలి.

ఒంట్లో కలవడం చిన్న విషయం కాదు. టిమోలాల్ చుక్కలు ఆయాసం ఉన్నవాళ్లకు ప్రమాదం, గుండె వేగాన్నీ తగ్గిస్తాయి. కంటి డాక్టరుకు ఊపిరితిత్తుల సంగతెందుకు అనుకుంటారు. తప్పకుండా చెప్పాలి. లాటనోప్రోస్ట్ అనే చుక్కలు రాత్రిపూట ఒక్కసారి వేస్తే చాలు. కళ్లు కొంచెం ఎర్రబడతాయి, రెప్పవెంట్రుకలు పొడుగవుతాయి. అది చూసి భయపడి ఆపేసినవాళ్లున్నారు. తెరవని సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి. మన వైజాగ్ ఎండల్లో స్కూటర్ డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచితే మందు పాడవుతుంది. తెరిచిన తేదీ సీసా మీద నేనే పెన్నుతో రాసిస్తాను. నెల దాటితే పారేయాలి. 1978లో టిమోలాల్, 1996లో లాటనోప్రోస్ట్ అమెరికాలో అనుమతి పొందాయి. అంతకుముందు రోజుకు నాలుగుసార్లు పైలోకార్పిన్ అనే చుక్కలు వేసుకుని, అవి తెచ్చే మసకలోనే పనులు చేసుకున్న తరం ఉంది.

రోజూ చుక్కలు వేసుకోవడం కుదరనివాళ్లు మానేసే బదులు డాక్టరును లేజర్ గురించి అడగాలి. ఇది వదినకు చేసిన లేజర్ కాదు, ద్రవం పోయే జల్లెడ మీద చేసేది. ఇంగ్లాండులో చుక్కలకన్నా ముందే లేజర్ చేసి చూసిన పరిశోధన 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడేళ్ల తర్వాత కూడా నలుగురిలో సుమారు ముగ్గురికి చుక్కల అవసరం రాలేదు. అందరికీ పనికిరాదు, కోణం తెరిచి ఉండాలి. చుక్కలకూ లేజర్‌కూ లొంగకపోతే ద్రవం పోవడానికి ఆపరేషన్‌తో కొత్త దారి చేస్తారు.

అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఉంటే మిగతావాళ్లకు ముప్పు చాలా రెట్లు ఎక్కువ. అమ్మకు తెలిసిన నెలలోనే నేనూ తమ్ముడూ చూపించుకున్నాం. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ ఉంది, నాయుడుతోటలో శంకర్ ఫౌండేషన్ ఉంది. 40 దాటితే అద్దాల కోసం వెళ్లినప్పుడే ప్రెషర్‌తో పాటు కోణం, కంటి నరం కూడా చూడమని అడగండి. పరీక్ష కోసం చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తే కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ భరించలేం. బండి మీద ఒక్కరే వెళ్లకుండా నడిపేవాళ్లను వెంట తీసుకెళ్లండి.